కోడ్ పేరు లేని ప్రయాణికురాలు

"సూట్‌కేస్‌ను ఓడ ఎక్కించాలి. అదే నీ అసైన్‌మెంట్," అన్నాడు చీఫ్ చిన్నస్వామి.

చెన్నై కోడంబాక్కంలో మూతపడిన డబ్బింగ్ థియేటర్ అది. గోడల మెత్తలు మాటను బయటికి పోనివ్వవు. స్క్రీన్ మీద బట్టతల మనిషి ఫొటో వెలిగింది. పేరు ఏకాంబరం. జలాంతర్గాముల చప్పుడు పసిగట్టే సోనార్ పరికరాల ఇంజనీరు. ఆపరేషన్ పగడంలో ఆయన కోడ్ పేరు సూట్‌కేస్.

"విదేశీ ముఠా ఆయన్ని ఎత్తుకుపోవాలని చూస్తోంది. మన ఏజెంట్ హేమమాలిని ఆ ముఠాలో చేరి ఉంది, కబురు ఆమెదే. ఆయన విహారయాత్రకు బయల్దేరితే ముఠా నాయకుడు స్వయంగా హార్బర్‌కు వస్తాడు. అక్కడే పట్టేద్దాం."

"ఆయనకు చెబుతామా సార్?" అడిగింది ఏజెంట్ జనని.

"చెబితే మొహంలో తెలిసిపోతుంది. ఎర ఎరలాగే ఉండాలి."

"మరి భార్య?"

"వెంట వస్తుంది."

అంతే. ఆ భార్య పంకజానికి కోడ్ పేరు పెట్టాలని కూడా ఎవరికీ తోచలేదు.

పురసవాక్కంలో ఒక బట్టల కొట్టు మేడమీద, జనని కౌంటర్‌లో కూర్చునే నకిలీ ట్రావెల్స్ ఆఫీసు తెరుచుకుంది. ఏకాంబరం ఇంటి గుమ్మంలో మాత్రమే ఒక రంగుల కాగితం పడింది. శీతాకాలపు క్రూజ్, లంక మీదుగా మాల్దీవులకు, సగం ధరకే. మర్నాడే పంకజం మెట్లెక్కి, ఆయాసం తీర్చుకుంటూ కౌంటర్ ముందు కూర్చుంది.

"ఈ ఊర్లోనే పుట్టి పెరిగినాను పాపా. బీచ్‌లో కాళ్ళు తడుపుకునిందే కానీ సముద్రం మీద పోయిందే లేదు. ఆ దీవుల్లో నీళ్ళు అద్దం మాదిరి ఉంటాయంట, నిజమేనా?"

"నిజమే మేడమ్."

"మేడమ్ ఏంటికి? అత్తా అను చాలు."

తర్వాత తరచూ వచ్చేది. వచ్చినప్పుడల్లా మురుకులో, నువ్వుల ఉండలో తెచ్చేది. బాల్కనీ ఉన్న గది, ఉల్లి లేని వంట, కడుపులో తిప్పితే శొంఠి, పగడపు దిబ్బల్ని చూపించే అద్దపు అడుగు పడవ... ఇద్దరూ మ్యాప్ మీద వంగి మాట్లాడుకునేవారు. ఒక్కోసారి జనని తను ఎవరో మరిచిపోయేది. గుర్తొచ్చాక చేతిలోని ఉండను పక్కన పెట్టేసేది.

ఏకాంబరం ఒప్పుకోలేదు. "ధనుర్మాసంలో ఎవరైనా ఊరు విడిచి పోతారా?" అన్నాడట. జనని ఆయనకే ఫోన్ చేసింది.

"సార్, అత్త కోసమైనా ఆలోచించండి. పిల్లలాగా ఎదురుచూస్తున్నారు."

"నిజమేమ్మా. ఇన్నేళ్ళలో ఆమెను ఏడికీ పిలుచుకొని పోలేదు. రెండు టికెట్లు వెయ్యి."

ఫోన్ పెట్టేసింది. అబద్ధాలు ఆమెకు కొత్త కాదు. ఒక మనిషి ప్రేమను గాలానికి దారంగా వాడడం మాత్రం ఇదే మొదలు.

ప్రయాణానికి ముందు ట్రావెల్స్‌కు హేమమాలిని వచ్చింది. ఓడలో అతిథుల్ని చూసుకునే ఆఫీసరు వేషం. నీలిరంగు పట్టుచీర, గదినిండా సెంటు.

"ముత్యాలా, పగడాలా?" అంది.

"రెండూ నకిలీవే," అంది జనని. కోడ్ సరిపోయింది.

హేమమాలిని అన్నీ అడిగింది. పంకజం ఏ మందులు వాడుతుంది? ఈత వచ్చా? మోకాళ్ళు ఎలా ఉన్నాయి? జనని అన్నిటికీ జవాబు చెప్పింది.

"పాపం, వీల్‌చెయిర్ పెట్టిద్దాం," అంది హేమమాలిని.

"నడవలేనిదాన్నా నేను?" అని, జనని ఆ సంగతి చెప్పినప్పుడు పంకజం మొహమాటపడింది.

"క్యూలో నిలబడక్కర్లేదు అత్తా."

"సరే, నువ్వు చెప్పినావని."

ప్రయాణం రోజు ఉదయం హార్బర్‌లో కూలీల వేషంలో, టాక్సీ డ్రైవర్ల వేషంలో అందరూ చీఫ్ మనుషులే. ఏకాంబరం పెట్టెకున్న ట్యాగ్‌లో ట్రాకర్. అందరి కళ్ళూ ఆయన మీదే.

"సూట్‌కేస్ గేటు దాటింది," ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. ఆయన దగ్గరికి మాత్రం ఎవరూ రాలేదు.

జనని వెనక్కి చూసింది. పంకజం కూర్చున్న వీల్‌చెయిర్ ఓడ వైపు పోవడం లేదు. కస్టమ్స్ షెడ్డు పక్కన తిరిగి, లాంచి ఆగి ఉన్న చిన్న జెట్టీ వైపు పోతోంది. పక్కనే నీలిరంగు పట్టుచీర.

జననికి అప్పుడు అర్థమైంది. ఏకాంబరాన్ని ఎత్తుకుపోతే దేశమంతా వెతుకుతుంది. భార్యను పట్టుకుంటే, అడిగిందల్లా ఆయనే తెచ్చి ఇస్తాడు. హేమమాలిని ఒక్క ప్రశ్న కూడా ఆయన గురించి అడగలేదు.

"సార్, వాళ్ళకు కావలసింది ఆయన కాదు! అత్త!"

"పొజిషన్ వదలొద్దు. హేమమాలిని మన మని..."

ఇయర్‌పీస్ పీకేసి పరుగెత్తింది.

లాంచి ఇంజన్ మోగుతోంది. కుర్చీ తోసేవాడు నీళ్ళ అంచున ఉన్నాడు. హేమమాలిని వంగి పంకజం మెడకు విషపు ఇంజెక్షన్ సూది ఆనించింది.

"ఇంకో అడుగు వేశావంటే ఈమె ఇక లేవదు."

జనని ఆగిపోయింది. తుపాకీ ఉన్నా లాభం లేదు.

"అత్తా, నేను ట్రావెల్స్ పిల్లను కాను. పోలీసు మనిషిని. మిమ్మల్నిద్దర్నీ ఎరగా పెట్టాం. ఈ కుర్చీలో కూర్చోబెట్టిందీ నేనే. మీరు నడవగలరు అత్తా. నాకు తెలుసు."

పంకజం ఆమె కళ్ళలోకి చూసింది. మరుక్షణం రెండు పాదాలూ నేలకు తన్ని ఒక్క ఉదుటున లేచింది. తల హేమమాలిని గడ్డానికి తగిలింది. సూది ఎగిరిపడింది. కుర్చీ వెనక్కి దొర్లి, తోసేవాణ్ణి నీళ్ళలోకి పడేసింది. జనని హేమమాలిని చేయి మెలిపెట్టి నేలకు అదిమింది. కట్టు విప్పుకుంటున్న లాంచిని, హార్బర్‌లో కాపున్న తీరరక్షక బోటు అడ్డగించింది. ముఠా నాయకుడు అందులోనే దొరికాడు.

జనని పంకజం ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "క్షమించండి అత్తా."

"నన్నొక మాట అడిగుంటే నేనే వచ్చి కూసోనుంటాను కదా పాపా. ఏంటికి అడగలేదు?"

జనని ఆమె చీర అంచుకు అంటిన మట్టి దులిపింది.

ఏకాంబరం రొప్పుతూ వచ్చాడు. "ఇంటికి పోదాం పంకజం."

"ఏంటికి? ఓడ ఆడనే ఉండాది కదా."

భర్త చేయి పట్టుకుని, నింపాదిగా నడుచుకుంటూ ఓడ ఎక్కింది. కాపలాకు ఇద్దరు ఏజెంట్లు వెనకే ఎక్కారు. పంకజం ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. ఊపుదామని ఎత్తిన చేతిని జనని మెల్లిగా దించుకుంది.

చీఫ్ వచ్చి పక్కన నిలబడ్డాడు. హేమమాలిని పేరు ఎత్తలేదు. "ఆపరేషన్ సక్సెస్. ఆ ట్రావెల్స్ మూసేయొద్దు. మంచి కవర్."

"నాకు సెలవు కావాలి సార్."

"తీసుకో. ఎక్కడికి?"

"సముద్రం లేని ఊరికి," అంది జనని. "టికెట్ మాత్రం నిజమైన ట్రావెల్స్‌లో కొంటాను."