మర్యాద పొర

ఆ ఉదయం మహాయాన విహారపు భిక్షుణి జ్ఞానశ్రీ చెవి బోసిగా ఉంది. భాషాకర్ణిక మరమ్మతుకు వెళ్ళింది. పన్నెండు దేశాల భిక్షుణులుండే ఆ కృష్ణానది ద్వీపంలో ఎవరు ఏ భాషలో మాట్లాడినా, తెలుగువాళ్ళు తెలుగులో మాట్లాడుకున్నా సరే, అసలు గొంతును మూసేసి వినేవారి భాషలో చెవిలో పలికే పరికరం అది. పదకొండేళ్ళుగా స్నానానికి తప్ప ఎవరూ తీసింది లేదు. పదకొండేళ్ళుగా ద్వీపంలో తగువూ లేదు.

గంజి వరసలో ముందున్న ఖేమ వెనక్కి తిరిగి నవ్వింది. గురజాల మనిషి, థేరవాద విహారం పెద్ద. మధ్యాహ్నం లాంచీకి సింహళం వెళ్ళిపోతోంది, ఇక తిరిగి రాదు.

"ఏందే, కట్టుకథల సూత్రాలదానా, గిన్నె తెచ్చుకోలా?"

మహాయాన సూత్రాలు కట్టుకథలనే పాత ఎత్తిపొడుపు విని జ్ఞానశ్రీ గిన్నె దించేసింది. రోజూ వినేది "రా అక్కా, గిన్నె తెచ్చుకున్నావా" అనే కదా?

గంజి తాగకుండానే మరమ్మతు గదికి పరుగెత్తింది.

"అది మర్యాద పొర అమ్మగారూ," అన్నాడు మస్తాన్, ఆమె చెప్పింది విని, పనిముట్టు దించకుండానే. "కించపరిచే మాటని మెత్తబరుస్తది. మొదట్నించీ ఉందిగా."

"మాకెవరూ చెప్పలేదే?"

"చెబితే పనిచెయ్యదని పెట్టినోళ్ళ ఉద్దేశం. అప్పట్లో మీ రెండు విహారాలకీ కొట్లాటలంట."

జ్ఞానశ్రీకి తన మాటే గుర్తొచ్చింది. తను ఖేమను మొదటి రోజే 'హీనయాని' అంది, తక్కువ దారి పట్టినదానా అని, పళ్ళు కొరుకుతూ. ఖేమ నవ్వింది. ఎంత ఓర్పు అనుకుంది తను. మాట అలవాటైంది, ఆ నవ్వు మాత్రం గురువైంది. కోపం వచ్చినప్పుడల్లా ఆ నవ్వునే తలుచుకుంది.

మధ్యాహ్నం లాంచీ మొదటి కూత వేసింది. రేవులో ఖేమ మూట పక్కన పెట్టి జ్ఞానశ్రీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. వానాకాలమంతా ఒకేచోట ఉండే వర్షావాసం ముగిసిన రోజు, తన తప్పులు చెప్పమని తోటివారిని అడిగే పవారణ అది.

"నాలో తప్పు చూసున్నా, వినున్నా, అనుమానమున్నా చెప్పవే."

"నిన్ను పదకొండేళ్ళు హీనయాని అన్నాను. క్షమించు."

"థేరవాది అంటే క్షమించేదేముందే?" ఖేమ నవ్వింది. అదే నవ్వు.

జ్ఞానశ్రీ చెయ్యి చాచి, ఆ మాటను మార్చేసిన కర్ణికను ఆమె చెవిలోంచి లాగేసింది. మళ్ళీ చెప్పింది. పొర సంగతీ చెప్పింది.

నవ్వు ఆరిపోయింది.

"అంటే, నేను కట్టుకథలదానా అన్నప్పుడల్లా నువ్వు నవ్వింది..."

"వినపడక."

"నిన్ను చూసే నేను కోపం అణుచుకోడం నేర్చుకుంది. నా శిష్యురాళ్ళకి నీ పేరు చెప్పి నేర్పా."

"నేనూ నీ పేరే చెప్పాను."

రెండో కూత. ఖేమ ముఖం ఎర్రబడింది. మూట వైపు చూసింది, లాంచీ వైపు చూసింది.

"ఏదీ, ఇంకోసారి అను."

"హీనయాని."

ఖేమ పిడికిలి బిగిసింది. జ్ఞానశ్రీ కదలకుండా నిలబడింది. లాంచీ ఎక్కే పలకను లాగేశారు, ఖేమ లేకుండానే లాంచీ గట్టు విడిచింది. ఖేమ కళ్ళు మూసుకుని చాలాసేపు ఊపిరి తీసింది. పిడికిలి విప్పడానికి ఒక్కో వేలూ తెరవాల్సి వచ్చింది.

"ఇప్పుడు అనడం నా వంతు," అంది. "చెవి ఇటు పెట్టు."