రెండో సాక్షి

నా పేరు సెన్యో. సరిహద్దు ఊరు అఫ్లావోలో మోటార్‌సైకిల్ టాక్సీ నడుపుతాను. నా బండి స్పీడు ఎంతంటే, ఒకసారి నా నీడే వెనకబడిపోయింది. అది వచ్చేదాకా సంతలో టీ తాగుతూ కూర్చున్నాను.

ఈ మాట నమ్మని మనిషి ఊరు మొత్తంలో ఒక్కతే. అకోఫా.

మొదటిసారి కలిసిన రోజు ఒకటే వాన. కోల్డ్ స్టోర్ మేడ మీద, చేపల వాసన కొట్టే గదిలో ముగ్గురు విలేకరులు పని చేసుకుంటున్నారు. ముగ్గురూ సరిహద్దు గేటు అవతలి దేశం నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవాళ్ళే. మా వీధి సగంలో మా దేశం అయిపోతుంది, గేటు దాటితే పక్క దేశపు లోమే నగరం.

బాడుగకి పిలిస్తే ఆలస్యంగా వచ్చి, తడిసి ముద్దయిన నన్ను అకోఫా కింది నుంచి పైదాకా చూసింది.

"లేటెందుకయింది?"

"తిమింగలం మేడమ్. ఒడ్డుకొచ్చి రోడ్డుకి అడ్డంగా పడుకుంది."

"ఎవరు చూశారు?"

"నేను."

"ఇంకెవరు?"

"తిమింగలం."

మిగతా ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆమె నవ్వలేదు. "ఇక్కడ ఒక్కడు చెబితే వార్త కాదు బాబూ. ఒకరికొకరు తెలియని ఇద్దరు చెప్పాలి. తిమింగలం నీ మనిషి. చెల్లదు."

అంతే. బండి కింద ఆపి వచ్చాను గానీ, గుండె ఆమె వెంట పరుగు ఆపలేదు.

అకోఫా లోమేలో ఒక మందుల కంపెనీ గుట్టు బయటపెట్టబోయింది. గడువు తీరిన పిల్లల జ్వరం మందుకి కొత్త తేదీ అతికించి అమ్ముతున్నారట. కంపెనీ మనుషులు ఇంటి మీదికొస్తే, వంటింటి కిటికీలోంచి దూకి వచ్చేసింది. తల్లి అక్కడే ఉండిపోయింది. దూరంగా మా రాజధాని అక్రా వెళ్ళి భద్రంగా ఉండమంటే అకోఫా వినలేదు. "అక్కడికి మా అమ్మ వంట వాసన రాదు" అంది.

అవతల దాక్కుని పనిచేసే వాళ్ళ తోటి విలేకరి ఇచ్చే వీడియోల మెమరీ కార్డులు తేవడం ఆ రోజు నుంచి నా పని. గేటు దగ్గర గార్డు "ఏం తెస్తున్నావురా?" అంటే, "రహస్య వీడియోలు సార్" అని ఉన్నమాటే చెప్పేవాణ్ని. నవ్వి, వీపు మీద ఒకటిచ్చి పంపేవాడు.

"ఒక్కటే షరతు," అంది అకోఫా. "మా అమ్మ ఇంటి వైపు పోకు. అక్కడ కాపలా ఉంది. నీకూ ముప్పు, ఆమెకూ ముప్పు."

"ఛ, నేనెందుకు పోతాను?"

వస్తూ వస్తూ వేడివేడిగా అబోలో తెచ్చేవాణ్ని. ఆవిరి మీద ఉడికిన మొక్కజొన్న రొట్టె. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని అకోఫా ఆగిపోయింది.

"ఎక్కడ కొన్నావు?"

"ఎవరో ముసలావిడ. ఆవిడకి మూడు చేతులు."

"మా అమ్మ చేసినట్టే ఉంది."

"లోమేలో అందరూ అట్లాగే చేస్తారులే."

ఒకరోజు ఆ మందు సీసాలే మా అఫ్లావో సంతలో లారీలోంచి దిగడం చూశాను. పరుగున వెళ్ళి చెప్పాను.

"మొన్న తిమింగలం, ఇవాళ లారీయా?" అంది, తలెత్తకుండానే.

ఆమెకి మొదటిసారి నిజం చెప్పాను, అదీ ఇలా అయింది. నాకు ఒళ్ళు మండింది. చేపలమ్ముకుంటున్న మా అమ్మని బండెక్కించి తీసుకొచ్చాను. అమ్మ ఒక సీసా కొనుక్కుని మరీ వచ్చింది.

"వీడు పుట్టగానే ఏడ్చిన ఏడుపు కూడా దొంగేడుపే అమ్మాయ్," అంటూ చేపల పొలుసు గీకే కత్తితో లేబుల్ గీకింది. "ఇది మాత్రం నిజం."

కొత్త తేదీ కింద పాత తేదీ కనిపించింది. ఆ గదిలో ఎవరూ నవ్వలేదు.

వార్త రెండు దేశాల్లోనూ ఒకే రోజు బయటికొచ్చింది. గోడౌన్‌కి తాళం పడింది. అకోఫా వాళ్ళమ్మ ఇంటి ముందు కాపలా కూడా మాయమైంది. కంపెనీ అకోఫా మీద అవతల పెట్టిన కేసు మాత్రం పోలేదు. గేటు దాటితే జైలే.

ఆ సంతోషంలో, ఆ బాధలో, ఆమెని బండి మీద దింపుతుంటే వాన. ఒక రేకుల చూరు కింద ఆగాం.

"అకోఫా, నువ్వంటే నాకు ప్రాణం."

ముఖం తుడుచుకుంటూ అడిగింది. "ఎవరు చూశారు?"

"మా అమ్మ."

"చెప్పిందిలే. మా ఆఫీసుకొచ్చే రోజు మాత్రమే చెప్పులు కడుగుతావట. సరే, ఒక సాక్షి. రెండోది?"

రెండో సాక్షి ఉంది. పేరు చెబితే షరతు తప్పిన సంగతి బయటపడుతుంది.

"తెచ్చుకో, అప్పుడు చూద్దాం," అంది. కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి.

అమ్మకి చెబితే, "అయితే తలుపు తడదాం పద," అంది. మాలో పిల్లనడగాలంటే సారా సీసా పట్టుకెళ్ళి వాళ్ళ తలుపు తట్టాలి. ఆ సీసా తీసుకోమంటావా అని పిల్లనే అడుగుతారు. తలుపేమో అవతల, పిల్లేమో ఇవతల.

"గేటునే తడదాం," అంది అమ్మ.

వాళ్ళమ్మకి కబురు మోసింది నేనే. అకోఫా శ్రద్ధగా ఇంటి దారి చెబుతుంటే, కొత్తగా వింటున్నట్టు తలూపాను.

ఆదివారం అమ్మ ఇనుప గేటు మీద టకటకా కొట్టింది.

"గేటు తెరిచే ఉంది కదమ్మా!" అన్నాడు గార్డు.

"నీ పని చూసుకో నాయనా. పిల్లనడగడానికొచ్చాం."

అవతల కొత్త బట్ట కట్టుకుని అకోఫా వాళ్ళమ్మ నిలబడింది. ఇవతల, సరిహద్దు గీతకి దూరంగా అకోఫా. తల్లీకూతుళ్ళు చూసుకుంటూ ఉండిపోయారు. గార్డు టోపీ తీసేశాడు.

గార్డు చేతుల మీదుగా సీసా అవతలికి వెళ్ళింది.

"తల్లీ, ఇది తీసుకోనా?" అని అడిగింది వాళ్ళమ్మ.

అకోఫా ముక్కు ఎగబీల్చింది. "నేనంటే ప్రాణమంటాడు గానీ, రెండో సాక్షి లేడమ్మా."

"నేనున్నాను కదే! వీడు వారం వారం మన ఇంటికొచ్చాడు. నువ్వు ఏనుగంత లావయ్యావన్నాడు. మంత్రులు నీకు గొడుగు పడుతున్నారన్నాడు. అన్నీ అబద్ధాలే. కానీ ఆ అబద్ధాలు చెప్పడానికి కాపలా దాటుకుని వచ్చేవాడు. అవి వింటేనే నాకు ముద్ద దిగేది."

అకోఫా గిర్రున నా వైపు తిరిగింది. "మూడు చేతుల ముసలావిడ!"

"రెండేలే. పని మూడు చేతులది."

"పోవద్దన్నానా?"

"అన్నావు."

కాసేపు నన్ను కొరికేసేలా చూసింది. తర్వాత మా అమ్మని అడిగింది. "అత్తా, మా అమ్మ మీకు ముందే తెలుసా?"

"ఇప్పుడే చూడటం."

"అయితే తీసుకో అమ్మా," అంది అకోఫా.

గేటుకి అవతల మా అత్త సీసా పైకెత్తింది. ఇవతల సముద్రంలోంచి తిమింగలం తలెత్తి మమ్మల్ని దీవించింది.

ఎవరు చూశారంటారా? నేను.

ఇంకెవరంటే, అకోఫానే అడగండి. తనూ చూశానంటుంది.