మంచం కింద మూత

"చిల్లు తొట్టి అంటగట్టినావే నాకు! రోజుకు అరంగుళం నీళ్ళు మాయమైపోతా ఉండాయి!"

నెల్లూరులో పెంచలకృష్ణ నడిపే అక్వేరియం షాపులోకి గంగాభవాని తుపానులా వచ్చిపడింది. మైపాడు బీచిలో ఆమెకు చేపల పులుసు హోటలుంది. నాన్న రమణయ్య వలలో ప్రాణంతో చిక్కిన పసుపు చారల చేపను కూర వండడానికి చేతులు రాక, పోయిన వారమే ఇక్కడ తొట్టి కొనుక్కుపోయింది.

కృష్ణ ఆ సాయంత్రమే మైపాడు వెళ్ళి, తొట్టి చుట్టూ పొడి కాగితం అద్ది చూశాడు. చుక్క తడి లేదు. కిటికీలోంచి సముద్రపు గాలి మాత్రం హోరుమంటోంది.

"చిల్లు లేదండీ. ఈ గాలికి నీళ్ళు ఆవిరైపోతున్నాయి. తగ్గినప్పుడు ఏం పోస్తున్నారు?"

"సముద్రం నీళ్ళే! సముద్రం చేప గదా!"

అతను ఉప్పు కొలిచే పరికరం ముంచి చూశాడు. ఉప్పు బాగా పెరిగిపోయింది. చేప ఓ మూలన అలిగి కూర్చుంది.

"మీ పులుసు ఇగిరితే ఏమవుతుంది?"

"ఉప్పెక్కువైపోద్ది."

"అప్పుడు ఉప్పునీళ్ళు పోస్తారా?"

"ఎవురన్నా పోస్తారా? మంచినీళ్ళు..." అని ఆగిపోయింది. "అయ్యో, దీన్ని బతికుండగానే పులుసు పెట్టేసినానా!"

తల పట్టుకుని నవ్వేసింది. ఆ నవ్వుతో కృష్ణ పని అయిపోయింది.

"ఇకనుంచి మంచినీళ్ళే పోయండి. ఉప్పు నేను వారం వారం వచ్చి చూస్తాను," అన్నాడు. తొట్టికి మూత వేస్తే నీళ్ళు ఇంతలా తగ్గవని మాత్రం చెప్పలేదు. చెబితే మైపాడు బస్సెక్కడానికి సాకేముంటుంది?

మూడు నెలలపాటు ప్రతి ఆదివారం పరికరం, పులుసు, కబుర్లు. చేప కోలుకుంది. కృష్ణ కోలుకునేలా లేడు.

ఒక ఆదివారం గంగాభవాని నడుం మీద చేతులు పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"మూతేస్తే నీళ్ళు ఇగరవంట. కావలి నుంచి తినడానికొచ్చినోళ్ళు చెప్పినారు. నీకు తెలీదా?"

అబద్ధం నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది. "తెలుసు."

"మరెందుకు చెప్పలా?"

"చెబితే మళ్ళీ పిలవరని. మీరంటే నాకిష్టం."

ఆమె గిరుక్కున తిరిగి లోపలికి వెళ్ళింది. తొట్టి ఎత్తుకుపొమ్మంటుందేమో అనుకున్నాడు. తీరా చూస్తే ఆమె చేతిలో గాజు మూత!

"వాళ్ళు చెప్పి రెండు నెలలైంది. ఆరోజే తెప్పించి మంచం కింద దాచినా," అంది తలొంచుకుని. "వేస్తే నువ్వు రావని. నిన్న మా నాయన చూసేసినాడు."

అరుగు మీద వల కుట్టుకుంటున్న రమణయ్య కేకేశాడు. "రోజూ మంచినీళ్ళు మోసింది నేను గదరా అబ్బయా! మీ ఇద్దురి ప్రేమకు నా నడుం విరిగింది. ముందు ఆ మూతెయ్యండి. పులుసుకు ఆదివారమే దేనికి, రోజూ రా!"

ఇద్దరూ చెరోవైపు పట్టుకుని మూత వేశారు. మర్నాడే కృష్ణ మళ్ళీ మైపాడు బస్సెక్కాడు. పరికరం ఇంట్లోనే వదిలేసి వచ్చాడు.