గ్యాంగు కొట్టం మలుపులో ఆగిన బండి

బుజ్జీ, నువ్వు చెప్పు. ఒక దోవన పోయే బండ్లన్నీ ఒకే చోటికొచ్చి ఆగిపోతా ఉంటే, తప్పు బండిదా, చోటుదా?

దివ్యశ్రీ, నువ్వు అందించబాక. వాణ్ణి ఆలోచించుకోనీ.

తెలీదా? తెలీదంటే తప్పేం లేదు. ఇద్దరూ ఇటు జరిగి కూర్చోండి.

ఉదయగిరి నుంచి మర్రిపాడు మీదుగా ఆత్మకూరు పోయే దోవలో ఒక ఎత్తు ఉండాది. కొండ అనలేం గానీ, పాత బండికి అది కొండే. ఎత్తు ఎక్కంగానే మలుపు. ఆ మలుపులో ఒక రేకుల కొట్టం. ఎప్పుడో రోడ్డేసే గ్యాంగు కూలీలు పారలూ గంపలూ పెట్టుకున్నది, అందుకని గ్యాంగు కొట్టం అంటారు. ఇప్పుడు దానికి తలుపు లేదు. లోపల మనిషి లేడు. చుట్టూ చిల్లకంప ముళ్లపొదలు.

దానికి చెడ్డపేరు. పొద్దుగూకినాక మోటారుసైకిళ్లు ఆడికొచ్చి ఆగిపోతాయి. పెట్రోలు ఉంటాది, టైర్లు బాగానే ఉంటాయి — అయినా ఆగిపోతాయి. దిగి నిలబడినోడికి ఒక చప్పుడు వినపడుద్ది. టిక్… టిక్… ఎవరో లోపల కూర్చొని గోటితో రేకుమీద కొడతా ఉన్నట్టు.

నేను ఆత్మకూరు బడికి పోయొచ్చే రోజుల్లో, ఆ మలుపు వస్తే బస్సులో ఆడోళ్లు మాట ఆపేసేవాళ్లు. నేను టీచర్ని గదా, ఆపకూడదు. గట్టిగా ఏదో ఒకటి మాట్లాడేదాన్ని… కిటికీలోంచి మాత్రం చూసేదాన్ని కాదు.

ఇప్పుడు జరిగింది వినండి. ఇది నాకు ముస్తాక్ చెప్పినాడు. కొయ్య గరిటెలు చెక్కే అల్లాబకాష్ కొడుకు. నా దగ్గరే చదివినాడు. లెక్కల్లో సున్నా, చేతిపనిలో నూటికి నూరు. పోయిన ఆదివారం వచ్చి ఈ అరుగుమీదే కూర్చొని చెప్పినాడు. చెప్పేటప్పుడు కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

వాడి బండి వాళ్ల నాయనది. ముప్పై అయిదేళ్ల పాతది. అల్లాబకాష్ దానిమీద అజ్మీరు దాకా పోయొచ్చినాడు. ఆయన చనిపోయినాక ముస్తాక్ దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. అయితే అంత పాత బండికి అంగళ్లలో సామాను దొరకదు, ఇప్పటి మెకానిక్కులకు దాని సంగతి తెలీదు. అందుకని ఇట్టాంటి బండ్లున్నోళ్లంతా ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. ఒకడికి కేబులు తెగితే ఇంకొకడు బస్సులో పంపిస్తాడు. ఇంజను చప్పుడు తేడాగా ఉంటే దాన్ని రికార్డు చేసి పెడితే, నలుగురు విని రోగం చెప్తారు. ఒకరి మొహం ఒకరు చూసినోళ్లు తక్కువ. గొంతులు మాత్రం ఎరుగుదురు.

వాళ్లకొక కట్టుబాటు ఉండాది. దోవలో బండి ఆగిపోతే, హెల్మెట్ తీసి బండి వెనకాల రోడ్డువారన నేలమీద పెట్టాలి. అది చూసిన పాతబండోడు ఎంత తొందరలో ఉన్నా ఆగాల్సిందే.

ఆ రాత్రి పదకొండు గంటలప్పుడు ముస్తాక్‌కు చెల్లెలు తమన్నా ఫోను చేసింది. ఆ పిల్లను మర్రిపాడు అవతల ఒక చిన్న పల్లెకు ఇచ్చినారు. వాళ్లమ్మ హజరాబీ కూతుర్ని చూడబోయి ఆడే ఉండాది. హజరాబీకి ఉబ్బసం. ఆవిరి మందు పట్టే మిషను ఉదయగిరిలోనే మరిచిపోయి పోయింది.

"భాయ్… అమ్మీకి ఊపిరి అందటంలా. కూర్చోబెడితే ఒరిగిపోతాండాది. అంబులెన్సు ఇంకో కేసుమీద పోయుండాదంట. ఊళ్లో కారు లేదు. మిషను తీసకరా… తొందరగా…"

ఫోన్లోంచే వాళ్లమ్మ ఊపిరి వినపడతా ఉండాదంట. పిల్లనగ్రోవిలో మన్ను ఇరుక్కున్నట్టు.

ముస్తాక్ మిషనును, మందును తువ్వాలలో చుట్టి వెనక సీటుకు కట్టినాడు. బండి తీసినాడు.

ఎత్తు మొదలైంది. మలుపు గుర్తుకొచ్చింది.

అందరూ చేసేదే వాడూ చేసినాడు. ఆ కొట్టం దాటేదాకా ఆపేది లేదని, రెండో గేరులో పెట్టి ఎక్సిలేటరు మొత్తం తిప్పేసినాడు. ఇంజను అరస్తా ఉండాది. వేడి మోకాళ్లకు తగలతా ఉండాది. ఇంకొంచెం… ఇంకొంచెం…

సరిగ్గా కొట్టం ఎదురుగా — టప్‌మని ఒక పేలుడు. ఇంజను చచ్చిపోయింది. దాంతోపాటే లైటూ.

కిక్కు కొట్టినాడు. లేదు. ఇరవైసార్లు కొట్టినాడు. లేదు.

ఫోను తీసినాడు. సిగ్నలు లేదు. చెయ్యి పైకెత్తి అటూ ఇటూ తిరిగినాడు. తిరగతా ఉండంగానే తెర మీద బ్యాటరీ ఎర్రగీత కనపడి, ఫోను కూడా ఆరిపోయింది.

అప్పుడు వినపడింది.

టిక్…

వాడు కదల్లేదు.

టిక్… టిక్…

కొట్టంలోంచా, వెనకనుంచా, కాళ్లకిందనుంచా? తెలీదు. బండి వదిలేసి మిషను చంకలో పెట్టుకొని పరిగెత్తుదామనుకున్నాడంట. ఇంకా పన్నెండు కిలోమీటర్లు. పరిగెత్తి పొయ్యేలోపల అమ్మ ఊపిరి ఎంతసేపు నిలబడుద్ది? ఆ లెక్క వాడికి నేను నేర్పకుండానే వచ్చింది.

హెల్మెట్ తీసి రోడ్డువారన పెట్టినాడు. మిషను మూటను గుండెకు అదుముకొని బండిని ఆనుకొని కూర్చున్నాడు.

ఎంతసేపో తెలీదు. మర్రిపాడు వైపునుంచి ఒక లైటు కనపడింది. ఒంటి లైటు. మెల్లిగా, మనిషి నడిచినట్టుగా వస్తా ఉండాది. దగ్గరికొచ్చేకొద్దీ వెలుగు పెరగాలి గదా? పెరగలా. తెల్లగా ఉన్నది పసుపైంది. పసుపు ఎరుపైంది. నిప్పుకణికంత అయ్యి… ఆరిపోయింది.

చీకటి.

తర్వాత అడుగుల చప్పుడు. చర్… చర్… ఆగినాయి. మళ్లీ రెండడుగులు. ఆగినాయి.

"ఎవురిదీ… హెల్మెట్టు?"

ఆడగొంతు. గుసగుసగా. ముస్తాక్ మూటను ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

"బదులు చెప్పకపోతే నేను ఎనక్కి పోతా. నాకూ బయంగానే ఉండాది."

ఆ గొంతు వాడు విన్నదే. కార్బొరేటరు ఎట్లా కడగాలో గ్రూపులో తనకు మూడుసార్లు చెప్పిన గొంతు.

"రజినమ్మా… నువ్వేనా?"

"ముస్తాకన్నా? ఛీ! పలకాల్సింది గదన్నా, గుండె జారిపోయింది!"

రజిని పశువుల ఆస్పత్రిలో పనిచేస్తాది. ఎక్కడో పల్లెలో బర్రె ఈనలేక కష్టపడతా ఉంటే పోయి, తిరిగి ఇంటికి పోతా ఉండాది. ఆమెదీ వాళ్ల నాయన కాలం బండే. వెనక టైరు పంచరైతే ఇంజనుమీద మెల్లిగా నడిపించుకుంటా వచ్చింది. దూరాన్నుంచే హెల్మెట్ కనపడి ఇంజను ఆపింది.

ఏం దివ్యశ్రీ, లైటెందుకు ఆరిందా? మంచి ప్రశ్న. పాత సైకిలుకు డైనమో ఉంటాది చూడు, తొక్కితే వెలిగేది? ఆ బండ్లూ అంతే. ఇంజను జోరుగా తిరిగితేనే లైటు. జోరు తగ్గితే పసుపు, ఆగితే చీకటి. అందులో దెయ్యమేం లేదు.

ముస్తాక్ సంగతి చెప్పినాడు. రజిని ఇంజనుకు అరచెయ్యి దగ్గరగా పెట్టి చూసి, వెంటనే వెనక్కి తీసుకుంది.

"కండెన్సరు పోయుంటాది అన్నా. నా దగ్గర ఇంకోటుండాది. పదినిమిషాలు. స్క్రూ పని నువ్వు చూస్తావా?"

"చూస్తా."

"అయితే కానీయ్. కిక్కు కడ్డీ నేను పడతా."

కండెన్సరంటే బొటనవేలంత డబ్బా. నిప్పురవ్వ సరిగ్గా పుట్టాలంటే అది బాగుండాలి. దాన్ని మార్చడం పెద్దపని కాదు. మార్చినాక పాయింట్లనే రెండు చిన్న బిళ్లల మధ్య సందు సరిచెయ్యాలి, అదీ పని. గోరు మందం కూడా ఉండదు ఆ సందు. ఒకరు కిక్కు కడ్డీని చేతుల్తో పట్టుకొని వెంట్రుకవాసి తిప్పతా ఉండాలి. ఇంకొకరు ఒక చేత్తో రంపం బ్లేడు ముక్క సందులో పెట్టి, ఇంకో చేత్తో స్క్రూ బిగించాలి.

మూత విప్పినారు. లోపల చిన్న తెల్లటి వెలుగు పడింది. ముస్తాక్ మోకాళ్లమీద కూర్చొని మొహం దగ్గరికి పెట్టినాడు. రజిని బండికి అవతలి పక్క వంగి, రెండు చేతుల్తో కడ్డీ పట్టుకుంది.

టిక్…

ఇద్దరూ విన్నారు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

"కొంచెం కిందికి," అన్నాడు ముస్తాక్. వెలుగు కిందికి వచ్చింది.

"కదిలించబాక అన్నా," అంది రజిని మెల్లగా. వెలుగు కదలకుండా నిలిచింది.

చెమట కంట్లోకి కారతా ఉండాది. తుడుచుకోను చెయ్యి ఖాళీ లేదు. సందులో బ్లేడు పెట్టినాడు. జారింది. మళ్లీ పెట్టినాడు. చెవిలో టిక్కుటిక్కు కాదు, ఫోన్లో విన్న అమ్మ ఊపిరి వినపడతా ఉండాదంట. ఒకటి లోపలికి… ఒకటి బయటికి… ఈసారి బయటికి వచ్చిందా?

స్క్రూ బిగిసింది.

రెండో కిక్కుకే ఇంజను అందుకుంది. మూత వేసిన మరుక్షణం ఆ చిన్న వెలుగు ఆరింది. రజిని తన బండిని కంపచాటుకు తోసి, మిషను ఒళ్లో పెట్టుకొని వెనక ఎక్కింది. ఇద్దరూ తిరిగి చూడలేదు.

పోయేసరికి హజరాబీ పెదాలు నీలంగా ఉన్నాయి. తమన్నా చేతుల్లోంచి మాస్కు జారిపోతా ఉంటే రజినే అందుకొని మొహానికి పెట్టింది. మిషను గురగురమంది. పొగ లేచింది. ఒక నిమిషం… రెండు… అయిదో నిమిషానికి ఆమె గుండె మీదినుంచి ఎవరో రాయి దించినట్టు, ఊపిరి పొడుగ్గా లోపలికి పోయింది. కళ్లు తెరిచి కొడుకును చూసి మొదటిమాట ఏందో తెలుసా?

"ఇంతసేపా రా, సన్నాసీ."

ఏడస్తా ఉన్నోళ్లంతా నవ్వినారు.

తమన్నా టీ పెట్టింది. అప్పుడు ముస్తాక్ ఆ టిక్కుటిక్కు మాట ఎత్తినాడు. రజిని నవ్వింది.

"అదా? ఇంజను చల్లారతా ఉంటే వచ్చే చప్పుడన్నా."

నిజమే పిల్లలూ. వేడికి ఇనుము సాగుద్ది, చల్లారితే ముడుచుకుంటాది. ముడుచుకునేటప్పుడు టిక్కుమంటాది. పగలంతా ఎండలో కాగిన రేకులూ రాత్రి అంతే.

"మరి అన్ని బండ్లూ ఆడే ఎందుకాగతాయి?"

"బయంతో. ఎత్తులో ఓ నిమిషం ఆపి చల్లార్చుకోవాల్సింది పోయి, ఆ కొట్టం దాటాలని మీరంతా గుంజుడు గుంజతారు. పాత బండి కాగిపోయి, సరిగ్గా పైకొచ్చినాక చస్తాది. దెయ్యం ఆడ లేదన్నా, మీ కుడిచేతిలో ఉండాది."

అందరూ మళ్లీ నవ్వినారు. హజరాబీ మాస్కులోంచే నవ్వింది.

ఖాళీ గ్లాసు కిందపెట్టి రజిని చెయ్యి చాపింది. "అన్నా, నీ ఫోను ఒకసారి ఇయ్యి. ఇంట్లో చెప్పాల. నాది ఆ బర్రె వాళ్లింట్లో చార్జింగు పెట్టి మరిచిపోయి వచ్చినా."

ముస్తాక్ జేబులో పెట్టిన చెయ్యి అట్లాగే ఆగిపోయింది.

"నాది… నువ్వు రాకముందే ఆరిపోయింది గదమ్మా."

"ఆరిపోయిందా? మరి లైటు పట్టినావే?"

"నేనా? నా రెండు చేతులూ పాయింట్ల దగ్గర ఉండాయి. నువ్వు పట్టినావనుకున్నా."

"నావి కడ్డీ మీద ఉండాయి… అన్నా."

మిషను ఒక్కటే గురగురమంటా ఉండాది.

తెల్లారినాక, ఎండ బాగా ఎక్కినాక, టైరుకు పంచరేసుకోను ఇద్దరూ ఆడికి పోయినారు. బండి ఆగిన చోట మెత్తటి దుమ్ము. ముస్తాక్ మోకాళ్ల గుర్తులు ఉండాయి. అవతల రజిని బూట్ల గుర్తులు ఉండాయి. వెలుగు వచ్చిన పక్కన, మనిషి కూర్చోవాల్సిన చోట, దుమ్ము నున్నగా ఉండాది. గాలి కూడా తాకనట్టు.

ఏందిరా బుజ్జీ, అట్లా చూస్తావు? ఎవరు పట్టినారా?

లైటెందుకు ఆరిందో చెప్పినాను. చప్పుడెందుకు వచ్చిందో చెప్పినాను. బండ్లెందుకు ఆగతాయో చెప్పినాను. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినదాన్ని, తెలిసినవన్నీ చెప్పినాను. ఈ ఒక్కదానికి మాత్రం… నేనూ ముస్తాకూ చీకటి పడేదాకా ఈ అరుగుమీదే కూర్చున్నాం.

సరే లేండి. మిద్దెమీద మిరపకాయలు ఆరబోసి వచ్చినాను, సగమే ఎత్తినాను. మంచు పడితే మెత్తబడిపోతాయి. పైన బల్బు మాడిపోయి రెండురోజులైంది. లైటు పట్టుకోను ఎవరైనా ఒకరు రండి.

రారా? ఇద్దరూ రారా?

…సరే. నేనే పోతాను.