కింది గదిలో పాఠం

ఆ కాలేజీ లైబ్రరీ కింద ఒక గది ఉంది. మెట్లు దిగి, నడవా చివరిదాకా వెళ్ళాలి. చీకటి పడ్డాక అటు అడుగుపెట్టేవాళ్ళు లేరు. వాచ్‌మన్ కూడా పై మెట్టు మీద నిలబడే ఒకసారి టార్చి వేసి, చూశాననిపించుకుని వచ్చేస్తాడు. ఎందుకంటే — చనిపోయిన చరిత్ర మేష్టారు రాత్రిళ్ళు అక్కడ పాఠం చెబుతాడని.

పాఠం... మధ్యలో దగ్గు. అచ్చం ఆయన దగ్గే.

ఇది మా వదిన నాకు చెప్పిన సంగతి. ఆవిడ అక్కడ గంటల లెక్కన పాఠాలు చెప్పేది. క్లాసుంటేనే జీతం. ఆ మేష్టారు ఆవిడకి చదువు చెప్పిన గురువు. స్టాఫ్ రూములో పేపర్లు దిద్దుతూ దిద్దుతూనే బల్ల మీద తల వాల్చేశాడట. ఎర్ర పెన్ను వేళ్ళ మధ్యే ఉండిపోయిందట.

పుకారు ఆ నోటా ఈ నోటా మేష్టారి భార్యదాకా వెళ్ళింది. ఆవిడ వదినని ఇంటికి పిలిపించింది.

"అరిచి అరిచి ఉన్న గొంతు కాస్తా పోగొట్టుకున్నారమ్మా... పోయాక కూడా వదలరా ఆయన్ని? నాకు కంటి మీద కునుకు లేదు. నువ్వొక్కసారి వెళ్ళి చూడు తల్లీ."

వదినకి దెయ్యాల మీద నమ్మకం లేదు. కానీ ఆ ముఖం చూశాక కాదనలేకపోయింది.

ఆ వారంలోనే ఒక రాత్రి ఒంటరిగా మెట్లు దిగింది.

ముందు కంపు తగిలింది — తడిసి పాచిపోయిన పుస్తకాల కంపు, దాని అడుగున ఎలుక చచ్చిన వాసన. పట్టు కోసం గోడ మీద చెయ్యి వేస్తే వేళ్ళకి జిగట అంటుకుంది. కొంగుతో తుడుచుకుని, ఆ కొంగే ముక్కుకి అడ్డం పెట్టుకోబోయి... ఓకరించింది.

అప్పుడు వినిపించింది.

ఖళ్... ఖళ్... దగ్గు. తర్వాత ఆ గొంతు.

మేష్టారిదే. పదేళ్ళు విన్న గొంతు. రాజుల పేర్లు చెప్పేటప్పుడు చివర్న కాస్త సాగదీసే ఆ తీరు...

"చాలా మంచి ప్రశ్న అడిగావు తల్లీ!" అంది గొంతు.

వదిన ఉలిక్కిపడింది. మేష్టారు బతికుండగా ఎవర్నీ అలా మెచ్చుకోలేదు. ప్రశ్న అడిగితే, "అసలు పుస్తకం తెరిచావా?" అనేవాడు. ఎవరో ఆయనకి పంచదార పూసినట్టుంది. భయం కాస్తా ఏవగింపుగా మారింది.

తలుపు తోసింది.

మనిషి లేడు. గుయ్యిమని మోగుతున్న మెషీన్లు. తెర మీద మేష్టారు — జన్మలో కట్టని టై కట్టుకుని, నల్లటి జుట్టుతో. పెదాలు కదులుతున్నాయి. కళ్ళు మాత్రం ఆర్పడం లేదు.

"ఎవరది?"

వెనక టెక్నీషియన్. చేతిలో బిస్కెట్ పొట్లం.

"ఓ, మీరా మేడమ్! జడుసుకున్నారా? సార్ పాఠాల రికార్డింగులన్నీ మెషీన్‌కి నేర్పించాం. దూరవిద్య వాళ్ళకి ఇప్పుడు సారే చెబుతున్నారు. వాళ్ళు పనులయ్యాక రాత్రిళ్ళే కూర్చుంటారు కదా."

"ఆ దగ్గెందుకు?" అంది వదిన.

"తీసేసి చూశాం మేడమ్. దగ్గుంటేనే నిజమని నమ్ముతున్నారు."

"వాళ్ళింట్లో అడిగారా?"

"అడిగేదేముంది? ఇక్కడ క్లాసులన్నీ రికార్డవుతాయి. చెప్పిన పాఠం ఎవరిదైనా కాలేజీదే." బిస్కెట్ కొరుకుతూ నవ్వాడు.

వదిన ఒక్క పరుగున పైకొచ్చి, వాష్‌బేసిన్‌లో కడుపులో ఉన్నదంతా కక్కేసింది. మర్నాడే ఉద్యోగం మానేసింది. మేష్టారి భార్యతో మాత్రం, "అక్కడ ఎవరూ లేరండీ, వట్టి పుకారు" అంది. ఆ ముసలావిడ వదిన చేతులు పట్టుకుని, "హమ్మయ్య... నిద్రపోయారన్నమాట" అందట.

నిన్న రాత్రి మా ఇంట్లో ఇదంతా చెప్పి, వదిన మంచినీళ్ళ గ్లాసు అందుకుంది. 

లోపలి గదిలో మా అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని చదువుకుంటోంది. పోయిన నెలే అదే కాలేజీలో దూరవిద్యకి కట్టింది. వదినకి ఇంకా చెప్పలేదు.

తలుపు సందులోంచి మా పిల్ల గొంతు వినిపించింది. ఎవర్నో అడుగుతోంది — "ఇంత రాత్రయింది... మీకు నిద్ర రాదా మేడమ్?"

ఎవరో నవ్వారు. మా ఇంట్లో అందరికీ తెలిసిన నవ్వు.

"మీరుండగా నాకు నిద్రెందుకమ్మా?"

నేను వదిన వైపు చూశాను.

గ్లాసు ఇంకా పెదాల దగ్గరే ఉంది. నోరు మూసే ఉంది.