విరగని రొట్టె

తెల్లవారగానే రమణీక్ చేసే మొదటి పని వంటగది గట్టు తుడవడం. రాత్రి తుడిచే పడుకుంటుంది, అయినా పొద్దున మళ్ళీ తుడుస్తుంది. వేడినీళ్ళలో ముంచిన గుడ్డతో గట్టు, గట్టు కింది అంచు, డబ్బాల మూతలు, స్టవ్వు మీటలు అన్నీ తుడిచి, గుడ్డకి తెల్లగా ఏమైనా అంటిందా అని కిటికీ వెలుతురులో పట్టి చూస్తుంది. అంటితే మళ్ళీ మొదట్నుంచి తుడుస్తుంది. కొందరికి బొద్దింకను చూస్తే ఎలా ఉంటుందో, ఆమెకి గోధుమపిండిని చూస్తే అలా ఉంటుంది. ఖర్మ ఏమిటంటే, ఆ ఇంట్లో గోధుమపిండి లేని చోటు లేదు.

పంజాబులో రాయకోట్‌కి దగ్గర్లోని ఆ ఊళ్ళో వాళ్ళ గుమ్మం దిగితే గోధుమచేనే. రమణీక్ భర్త జగతార్, అతని తండ్రి, తాత అందరూ ఆ పంట మీదే బతికారు. అలాంటి ఇంట్లో పుట్టిన వాళ్ళ కూతురు, తొమ్మిదేళ్ళ సీరత్‌కి గోధుమ పడదని కిందటి ఎండాకాలం ముందు తేలింది. జబ్బు పేరు సీలియాక్ అనీ, గోధుమ రవ్వంత లోపలికి పోయినా పిల్ల పేగులు దెబ్బతింటాయనీ, జీవితాంతం గోధుమ మానడమొక్కటే మందనీ లూధియానా డాక్టరమ్మ చెప్పింది.

ఆ రోజు నుంచి రమణీక్ ఆ ఇంట్లోనే ఇంకో చిన్న ఇల్లు కట్టుకున్నట్టు బతుకుతోంది. సీరత్ గిన్నెలకి, గరిటెలకి ఎర్రదారం కట్టింది. పెనం వేరు. మొక్కజొన్నలు మరకి తీసుకెళ్తే, అంతకుముందు పట్టిన గోధుమ అంటి ఉంటుందని మర రాళ్ళు దులిపించి, మొదట పడిన పిండి గేదెలకని పక్కన పెట్టించి, మిగతాది తెచ్చుకుంటుంది. మర అతను నవ్వినా పట్టించుకోదు. అంత చేసినందుకు వానాకాలం వెళ్ళేసరికి పిల్ల బుగ్గలు నిండాయి, పరుగులు పెట్టింది. చలి మొదలయ్యాక మళ్ళీ అంతా తిరగబడింది.

ఆ పొద్దున గుడ్డ వెలుతురులో పట్టి చూస్తుండగానే స్నానాలగదిలోంచి వాంతి చప్పుడు వినబడింది. రమణీక్ పరుగెత్తింది. సీరత్ గోడకి చెయ్యి ఆనించి నిలబడి ఉంది. పొట్ట ఉబ్బి చొక్కా బిగిసింది, కాళ్ళు మాత్రం పుల్లల్లా ఉన్నాయి. గదంతా జిడ్డు కంపు. ఎన్ని నీళ్ళు పోసినా పోని ఆ కంపు రమణీక్‌కి నిద్రలో కూడా తెలుసు. బడి మాన్పించి పిల్లను పడుకోబెట్టి, ముక్కుకి చున్నీ చుట్టుకుని అంతా కడిగింది.

ముందురోజే డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి ముఖం చిట్లించింది. గోధుమ ఎక్కడినుంచో పిల్ల కడుపులోకి పోతూనే ఉందనీ, ఇలాగే సాగితే ఎదుగుదల ఇక్కడే నిలిచిపోతుందనీ, ఇంట్లో వెతుక్కోమనీ ఖరాఖండిగా చెప్పింది. ఇంకెక్కడ వెతకాలో రమణీక్‌కి తోచలేదు. తోచిందల్లా ఒక్క మనిషి మాత్రమే, ఆమె అత్తగారు బసంత్ కౌర్. ఇంటిల్లిపాదీ బేబే అని పిలిచేది ఆవిడనే.

బేబేకి ఈ జబ్బంటే మొదట్నుంచీ వెటకారమే. దేశానికంతా గోధుమ పంపే జిల్లాలో పుట్టి గోధుమ పడదనడం చేపకి నీళ్ళు పడవనడంలా ఉందని వచ్చిన ప్రతివాళ్ళతోనూ అనేది. కిందటి పండక్కి గురుద్వారాలో, గురువు ప్రసాదం చెడు చేస్తుందా అంటూ నేతి హల్వా ముద్ద పిల్ల నోట్లో పెట్టింది. అది గోధుమపిండి హల్వా. రమణీక్ అందరి ముందూ కూతురి నోట్లో వేలు పెట్టి దాన్ని బయటికి తీసింది. ఆ తర్వాత చాలా రోజులు అత్తాకోడళ్ళ మధ్య మాటల్లేవు. ఆ రోజునుంచీ బేబే చేతులు రమణీక్‌కి ఏవగింపయ్యాయి. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ తెల్లగా పిండి. ఆ చేతులతోనే పిల్ల తల నిమరడం, ఆ చేతులతోనే ఎర్రదారం గిన్నె అందుకోవడం. రమణీక్ కాపలా కుక్కలా ఆ గోళ్ళ మీదే కన్నేసి తిరిగేది.

మొక్కజొన్న రొట్టె మీద మాత్రం ఆమెకి అనుమానం రాలేదు. చలికాలంలో ఆవాకు కూర, దానిలోకి మొక్కజొన్న రొట్టె, పైన వెన్న. ఆ రొట్టెలు చెయ్యడం బేబే హక్కు, ఇంకెవరినీ చెయ్యనివ్వదు. కర్రతో ఒత్తకుండా తడి అరచేతుల మధ్యే తడుతూ పళ్ళెమంత చేసి పెనం మీద వేస్తే అంచు కూడా చిట్లదని ఊరంతా చెప్పుకునేది. పక్కింటి తేజో రోజూ మధ్యాహ్నం గోడమీంచి గిన్నె చాచి తన వాటా రెండు రొట్టెలు పట్టుకుపోయేది. మొక్కజొన్న పిండి తను మర పట్టించినదే గదా అని, ఆ ఒక్క పూటా రమణీక్ నిశ్చింతగా ఉండేది.

ఆ మధ్యాహ్నం సీరత్ దుప్పటి ఎండలో వేద్దామని రమణీక్ పెరట్లోకి వచ్చింది. మట్టిపొయ్యి దగ్గర బేబే ఇటు వీపు పెట్టి పిండి కలుపుతోంది. ఒకసారి ఇంటివైపు చూసి, చున్నీ చాటునుంచి పిడికిలి తీసి పళ్ళెంలో విదిల్చింది. పసుపుపచ్చని పిండి మీద తెల్లటిది పడింది.

రమణీక్ చేతిలోంచి దుప్పటి జారిపోయింది.

"ఏం కలుపుతున్నారు బేబే?"

బేబే చెయ్యి ఆగింది. "కనబడ్డంలా? మొక్కజొన్నపిండి."

"ఆ పిడికిట్లోది?"

రమణీక్ వెళ్ళి ఆ పిడికిలి పట్టుకుని తెరిచింది. అరచేతి గీతల్లో గోధుమపిండి ఇరుక్కుని ఉంది. ఆ చేతిని పాము తగిలినట్టు విదిలించేసి ఆమె జగతార్‌ను కేకేసింది. అతను గేదెల దగ్గర్నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. తల్లి చేతినీ పళ్ళేన్నీ చూశాడు.

"నువ్వు వెయ్యలేదని చెప్పు బేబే," అన్నాడు. "నీ నోటితో చెప్తే నేను నమ్ముతాను."

బేబే తల పైకెత్తింది. "వేశాను. ఏమవుద్దో చూద్దామని వేశాను. మన వంశంలో లేని రోగం పట్నం డాక్టరు చెప్తే నమ్మడానికి నాకేమన్నా పిచ్చా?"

"ఏమయిందో చూశారుగా," అంది రమణీక్. "ఆ వాంతులన్నీ ఎత్తింది నేను. మీరేసిన ప్రతి గుప్పెడూ ఈ చేతుల్తో ఎత్తి పారబోశాను. మిమ్మల్ని చూస్తే నాకు అసహ్యమేస్తోంది బేబే."

జగతార్ ఎప్పుడూ తల్లికి ఎదురు చెప్పిన మనిషి కాడు. ఆ రోజు ఆమె ముఖం వంక కూడా చూడకుండా బట్టలు సర్దుకోమన్నాడు. మర్నాడు పొద్దున్నే పాటియాలాలో తన అన్న ఇంట్లో దిగబెడతాననీ, సీరత్ ఉన్న ఇంట్లో ఇక ఆమె వండడానికి వీల్లేదనీ చెప్పాడు. బేబే సరేనంది. బతిమాలలేదు, ఏడవలేదు. అది చూసి రమణీక్‌కి ఒళ్ళు ఇంకా మండింది.

దుప్పటి కోసం బయటికి వచ్చిన సీరత్ గుమ్మంలో నిలబడి ఆకలేస్తోందంది. రమణీక్ ఆ పిండిముద్ద తీసుకెళ్ళి గేదెల తొట్టిలో విసిరింది. పళ్ళెం బూడిదతో తోమింది. ఎర్రదారం కట్టిన మొక్కజొన్నపిండి డబ్బా తెచ్చి అత్తగారి ముందు టక్కున పెట్టింది.

"పోయేముందు ఒక్కసారైనా నా బిడ్డకి శుభ్రమైన రొట్టె పెట్టి పోండి. నా కళ్ళ ముందే చెయ్యండి."

"నేను చెయ్యను."

"ఏం? గోధుమ కలపకుండా చేతకాదా?"

బేబే ముఖం పాలిపోయింది. వచ్చి పొయ్యి ముందు కూర్చుని చేతులు చాపింది. రమణీక్ ఆ చేతులు తనకి తగలకుండా చెంబు పైకెత్తి పట్టుకుని నీళ్ళు పోసింది. సబ్బు విసిరి, గోళ్ళ సందుల్లో తెల్లదనం పోయేదాకా మళ్ళీ మళ్ళీ రుద్దించింది. గోళ్ళు తప్ప ఆమెకి ఇంకేమీ కనబడలేదు.

బేబే వేడినీళ్ళు పోసి పిండి మదించి ఉండ తీసుకుంది. అరచేతులు తడుపుకుని తట్టడం మొదలుపెట్టింది. రొట్టె చారెడంత కాగానే అంచు చిట్లి, చీలిక నడిమిదాకా పాకింది. దాన్ని నలిపి మళ్ళీ ఉండ చేసింది. రెండోసారి రొట్టె ముక్కలై ఒళ్ళో పడింది.

"నాటకాలొద్దు," అంది రమణీక్. "ఊరంతటికీ వచ్చే రొట్టె నా బిడ్డకే రాదా?"

బేబే మూడో ఉండ తీసుకుంది. ఈసారి వేళ్ళు మానేసి అరచేతి మడమతో తట్టింది. పెదవులు బిగపట్టి, ఊపిరి బిగపట్టి తట్టింది. సగం రొట్టె ఆమె చేతిలో ఉండిపోయింది, సగం పొయ్యి బూడిదలో పడింది.

"అమ్మా, బేబేని చెయ్యమనకు," అంది సీరత్. "చలికి బేబే వేళ్ళు ముడుచుకోవు. రోజూ స్వెట్టరు బొత్తాలు నేనే పెడతాను. ఎవరికీ చెప్పొద్దంది."

జగతార్ తల్లి ముందు గొంతుక్కూర్చున్నాడు. ఎప్పట్నుంచని అడిగాడు. బేబే బూడిదలోని ముక్కను పక్కకి నెట్టింది.

"దీపావళి తర్వాత్నుంచి పిండి నిలవడంలేదురా," అంది మెల్లగా. "గుప్పెడు గోధుమ వేస్తే జిగురొచ్చి నిలుస్తుంది. ఆ ఒక్క గుప్పెడే."

"మరి ఏమవుద్దో చూద్దామని వేశానన్నావెందుకు?" అన్నాడు జగతార్.

"ఏం చెప్పమంటావ్? రొట్టె రావడంలేదని చెప్పమంటావా?" బేబే పొయ్యివైపు చెయ్యి చూపింది. "కాపరానికొచ్చిన మర్నాడు మా అత్త ఈ పొయ్యి దగ్గరే కూర్చోబెట్టింది. నా రొట్టె చూడ్డానికి ఊళ్ళో ఆడాళ్ళంతా వచ్చారు. పొలం మీ నాన్నది, ఇల్లు మీ తాతది. నాదని ఈ ఇంట్లో ఉన్నది ఆ పేరొక్కటే. పాపిష్టిదన్నా పడతాను గానీ, చేతకానిదంటే పడలేననుకున్నా."

"పిల్ల కక్కుతుంటే చూశారుగా," అంది రమణీక్.

"చూశాను. కక్కినప్పుడల్లా, అది నా గుప్పెడు వల్ల కాదులే అనుకున్నాను. అలా అనుకోడానికే ఆ జబ్బు లేదు లేదని అందరికీ చెప్పుకున్నాను."

రమణీక్‌కి వెగటు పుట్టింది. రొట్టె అంచు చిట్లకూడదని పసిదాని పేగుల్ని పణం పెట్టిన మనిషి ఆమె ఎదురుగా కూర్చుని ఉంది. అది దుర్మార్గమైతే తిట్టి వదిలించుకోవచ్చు. ఇంత చిన్న బడాయి కోసం అంత పని జరిగిందంటే ఏమనాలో ఆమెకి తెలియలేదు. ఉమ్మేయాలనిపించి ముఖం తిప్పబోయింది. అప్పుడు బేబే ఒళ్ళో ఉన్న ఆ చేతులు కనబడ్డాయి.

వేళ్ళ కణుపులు అల్లం కొమ్ముల్లా వాచి వంకర్లు పోయాయి. కుడి బొటనవేలు లోపలికి మడతపడి అక్కడే ఉండిపోయింది. ఇందాకటి సబ్బురుద్దుకి ఒక కణుపు చర్మం పగిలి నెత్తురు కారుతోంది. నెలల తరబడి రోజుకి వందసార్లు ఆ చేతులవంక చూసింది రమణీక్. పిండి ఉందా లేదా అని చూసిందే తప్ప, చేతులెలా ఉన్నాయో ఏనాడూ చూడలేదు. సీరత్‌కి తెలిసింది తనకి తెలియలేదు. ఈసారి ఆమెకి తన మీద తనకే రోత పుట్టింది.

ఆమె లేచి, వెడల్పాటి గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోసుకొచ్చి, అత్తగారి చేతులు రెండూ పట్టుకుని అందులో ఉంచింది.

"మీరు చేసింది నేను మర్చిపోలేను బేబే," అంది. ఆమె కళ్ళ నీళ్ళు అదే గిన్నెలో పడుతున్నాయి. "మర్చిపోయానని అబద్ధం కూడా చెప్పను. కానీ ఇంత నొప్పి ఉందని నాతో ఒక్క మాట అనొచ్చుగా."

"నా చేతులు చూస్తేనే నువ్వు ముఖం తిప్పుకునేదానివి, ఎట్లా చెప్పను?" అంది బేబే. అందులో నిష్ఠూరం లేదు, ఉన్నమాట చెప్పింది. ఆ పైన ఆమె సీరత్‌ను పిలవబోయి భోరున ఏడ్చింది. సీరత్ వచ్చి ఆమె వీపుకి ఆనుకుని కూర్చుంది.

అంతలో గోడమీంచి గిన్నె పైకి లేచింది.

"అక్కా, ఏంటివాళ ఇంతాలస్యం?" అని తేజో గొంతు. "నా రెండు రొట్టెలేవీ?"

జగతార్ గబుక్కున లేచాడు. బేబేకి ఒంట్లో బాగాలేదని చెప్పి పంపేద్దామని అతని ఉద్దేశం. బేబే నీళ్ళోడుతున్న చెయ్యెత్తి అతన్ని ఆపింది. చున్నీతో ముఖం తుడుచుకుని గోడవైపు తిరిగింది.

"రొట్టెల్లేవు తేజో," అంది గట్టిగా. "నా చేతికి రొట్టె రావడంలేదు. దీపావళి నుంచి నువ్వు తింటున్నవి గోధుమపిండి కలిపినవి. నా మనవరాలిక్కూడా అవే పెట్టి, పిల్లకి చేజేతులా జబ్బు తెచ్చిపెట్టాను. ఊళ్ళో ఎవరడిగినా ఇదే చెప్పు."

గిన్నె నెమ్మదిగా కిందికి దిగిపోయింది.

బేబే తల దించుకుంది. ఆ మాట అనడానికి ఆమెకి ఎంత కష్టమయిందో ఆ పెరట్లో అందరికీ తెలుసు. జగతార్ పాటియాలా ఊసు మళ్ళీ ఎత్తలేదు. రమణీక్ పిండి పళ్ళెం తనవైపు లాక్కుని పొయ్యి ముందు కూర్చుంది. అరచేతులు తడుపుకుని ఉండ తీసుకుంది.

"నీళ్ళు ఇంకాస్త పొయ్యాలా బేబే?"

"చాలు. వేళ్ళు దగ్గరగా ఉంచు. తట్టేటప్పుడు రొట్టె తిరుగుతూ ఉండాలి."

రమణీక్ తట్టిన మొదటి రొట్టె ఆమె చేతుల్లోనే మూడు ముక్కలైంది. ఆ ముక్కలనే పెనం మీద వేసి కాల్చింది. సీరత్ వాటిని తన ఎర్రదారం గిన్నెలో చిదిపి, పైన ఆవాకు కూర, వెన్న వేయించుకుని, బేబే మోకాలికి ఆనుకుని చెంచాతో తినసాగింది.