గవిలోని వంకర ఎముక

మద్రాసు దొర గిద్దలూరు అడవిలో ఎముకల కోసం గవి తవ్వించిన ఏడు, మా అన్న కాటమరాజూ నేనూ ఆ పనికి పోయాం. గవి అంటే గుహే. గొర్రెల్ని బయట మేతకు వదిలి తవ్వేవాళ్లం. చిన్నప్పుడు విరిగిన అన్న ఎడమ చేయి మోచేతి కింద వంకరగా అతుక్కుంది. అయినా గడ్డపార పడితే నేను అతనికి సరిపోను.

"వేల ఏండ్ల కింద ఇక్కడుండిన మనుషులు వేటాడి తెచ్చి, రాతికత్తులతో కోసుకోని తినినారు. ఈ గాట్లు చూడు" అనేవాడు దొర దగ్గర లెక్కలు రాసే రైటరు గురవయ్య, ఎముకలకు చీటీలు కడుతూ. తిని పారేసినవాటికి ఇంత మర్యాదా అని నాకు నవ్వొచ్చేది.

మూడోనాడు ఎండకు తాళలేక మా కుంటిగొర్రె గవిలోకి దూరింది. నిరుడు దాని కాలు విరిగితే వెదురుబద్దలు కట్టింది నేనే. వంకరగా అతికి, మోకాటి కింద బుడిపె మిగిలింది. సాయంత్రం బయటికొచ్చింది... కుంటకుండా. నా వైద్యం ఇన్నాళ్లకు పనిచేసిందని పొంగిపోయాను. మంద మాత్రం దాన్ని దగ్గరికి రానీయలేదు.

మర్నాడు, రాయిలా గడ్డకట్టిన నేల పగలగొట్టాం. గబ్బిలాల కంపు. చేతికి ఒక ఎముక తగిలింది. గొర్రె కాలు. వంకర. బుడిపె. నేను కట్టు కట్టి అతికించిన కాలును నేను గుర్తుపట్టనా? దాని నిండా గాట్లు...

వెనక్కి చూస్తే అన్న లేడు.

"ఇంకో సందుందని లోపలికి పోయినాడు" అన్నాడు గురవయ్య.

"అన్నా..."

చీకట్లో ఎక్కడో రాయి మీద రాయి నూరుతున్న చప్పుడు. ఆగింది. మళ్లీ... నేను ఆ గుంట దాటి లోపలికి పోలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

చాలాసేపటికి వచ్చాడు. "ఏందిరా చిన్నయ్యా, ఇంకా ఈడనే నిలబడుండావు?" అంటూ ఎడమ చేయి నా భుజం మీద వేశాడు. ఆ చేయి తిన్నగా ఉంది.

గురవయ్య అదే గుంటలోంచి ఇంకో ఎముక తీసి దీపం దగ్గర పెట్టాడు. "ఇది మనిషిది. ఎప్పుడో విరిగి వంకరగా అతికినట్టుండాది."

అన్న దాన్ని చూసి నవ్వాడు.

ఇంటికి పోయేసరికి వదిన ఎల్లమ్మ ఆ చేయి పట్టుకుని సంతోషంతో ఏడ్చింది. వాళ్ల నాలుగేళ్ల కూతురు శ్రీశైలమ్మకు పుట్టుకతోనే పాదం వంకర. దేకుతూ తిరిగేది. "రేపు పాపను కూడా గవికి తీసుకపోతాడంట మీ అన్న" అంది వదిన. అప్పుడు చెప్పాల్సింది. ఆ మొహంలో ఆశ చూసి సరేనని తలూపాను.

తెల్లారి లేచేసరికి అన్నా లేడు, పాపా లేదు. అడవిదారిన ఊపిరాడకుండా ఉరికాను. గవి ఇంకా కూతవేటు దూరం ఉంది.

"చిన్నాయనా!"

శ్రీశైలమ్మ నాకెదురు వస్తోంది. పరుగెత్తుతూ.